మైదానమున మండపధ్వని

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరము డిసెంబరు మాసమున వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువుచే ప్రారంభింపబడిన నాటినుండి నేటివరకును ఆ వాకిట ఏయే సరకులు ఎగుమతియైనవో, ఏయే సరకులు వచ్చి దిగినవో తెలుపు పద్దులు కొల్లలుగా గలవు. మాంగనీసు రాయి, ఇనుపరాయి, ముడిచమురు, బొగ్గు, ఎరువులు మొదలైనవాని టన్నుల లెక్కలతో ఈ నగరచరిత్రను వ్రాయువారు వ్రాసియే యున్నారు. కాని ఓడపనివారి పెట్టెలలోను, గల్ఫు దేశములనుండి తిరిగివచ్చిన బంధువుల సామానులలోను, మద్రాసు బజారులనుండి రైలుబండ్లలోను ఊరు చేరిన విద్యుద్వాద్యముల కథ ఏ పద్దునకును ఎక్కలేదు. ధ్వనిని పట్టి దాచుకొను శాంప్లింగు కీబోర్డును, ఆ ధ్వనికి ప్రతిధ్వనిని కల్పించు డిజిటల్ రివర్బు పెట్టెయును ఎట్లు జతకూడినవో, ఆ జత ఈ సముద్రతీరపు ఆర్కెస్ట్రాలకు ఏల అవసరమయ్యెనో, ఆ కథలోని ఈ చిన్న అధ్యాయమును చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

1960లలో కొత్తవలసనుండి కిరండూలు వరకును అనంతగిరి కొండలను తొలిచి రైలుమార్గము వేయబడినది బైలడిల్లా గనుల ఇనుపరాయిని ఈ రేవు మీదుగా జపాను దేశమునకు పంపుటకే. ఆ ఖనిజమును మోయు భారీ నౌకల కొరకు 1970లలో బాహ్య నౌకాశ్రయము నిర్మింపబడినది. మరి పదేండ్లు గడచునప్పటికి అదే జపానునుండి యమహా, రోలాండు, కోర్గు, అకాయ్, కేసియో అను పేర్లు గల నల్లని పెట్టెలు ప్రపంచమెల్లెడలకును వెల్లువెత్తి, ఒకటొకటిగా మన యూరికిని చేరనారంభించినవి. ఇచటి రాయియే అచట వాద్యమయ్యెనని నేననుట లేదు. కాని జపాను ఓడ అనగా ఎట్టిదో పసివాడును ఎరిగిన ఊరిలో జపాను వాద్యముపై నమ్మకము ఇతర పట్టణములకంటె కొంత ముందుగానే నాటుకొనుట సహజమేయని నా తలంపు.

ఆ వాద్యములను వాయించినవారు కచేరీ విద్వాంసులు కారు, ఆర్కెస్ట్రాలవారు. పగలు రేవులోనో, షిప్‌యార్డులోనో, ఉక్కు కర్మాగారములోనో, బ్యాంకులోనో ఉద్యోగము చేసికొని, సాయంకాలము ఎవరియింటి మేడమీదనో సాధన చేసి, వినాయక చవితి పందిళ్ళలోను, దసరా ఉత్సవములలోను, కాలనీల వార్షికోత్సవములలోను, పెండ్లిండ్లలోను సినిమా పాటలు పాడి వాయించు బృందములవి. కళాభారతి వంటి కప్పుగల సభాభవనములు నగరమున లేకపోలేదు గాని, జనసామాన్యము ఆర్కెస్ట్రాను విన్నది మైదానములలో, వీధి కూడళ్ళలో, సముద్రపు గాలి అడ్డులేక వీచు ఖాళీ స్థలములలో. ఈ విషయమును అశ్రద్ధ చేసినవారికి తక్కిన కథ అర్థము కాదు.

ఏలయనగా ఆరుబయట ధ్వనికి ఆధారము లేదు. గోడలు లేనిచోట పరావర్తనము లేదు. దూరము రెట్టింపైన కొలదిని ధ్వని ఆరు డెసిబెల్లుల చొప్పున క్షీణించును. గాయకుని స్వరము నోటినుండి వెలువడి, మరల అతని చెవికి చేరక, ఆకాశమున లీనమగును. రాతి మండపమున పాడినవానికి మండపమే సహగాయకుడు. బొర్రా గుహలలో ఒక్కమారు గొంతెత్తినవారు, పలికిన పలుకు తమను విడిచిపోవుటకు ఎంత వెనుకాడునో ఎరుగుదురు. మైదానమున పాడువానికి అట్టి తోడు లేదు. అంతేకాక, ఎదుట కూర్చున్న శ్రోతలు ఆ పాటను అప్పటికే క్యాసెట్టుపై పలుమారులు విన్నవారు. మద్రాసు స్టూడియోలో ఆ పాటకు అద్దిన ప్రతిధ్వని కూడ వారి స్మృతిలో పాటలో భాగమే. ఆ తేమ లేని పొడి స్వరము వినబడినంతనే, పాడినవాడు ఎంత శ్రుతిశుద్ధముగా పాడినను, పాట అట్లు లేదే యని జనులు మొగము చిట్లించుచుండిరి. మైకుసెట్టువానిని ‘ఎకో పెట్టు’ అని కేకవేయుట ఆనాటి వేదికలపై ప్రార్థనాగీతమునకు ముందే జరుగు తంతు.

ప్రతిధ్వనిని కృత్రిమముగా కల్పించు యత్నము డిజిటల్ యుగమునకు చాల పూర్వమే మొదలైనది. గట్టిగోడల గది యొకటి కట్టి, అందొక స్పీకరును ఒక మైకును ఉంచి, పాటను ఆ గదిలోనికి పంపి తిరిగి పట్టుకొనుట తొలి పద్ధతి. తరువాత 1957లో జర్మనీ దేశపు ఈఎంటీ సంస్థ గదికి మారుగా ఒక ఉక్కు రేకును నిలిపినది. ఇంచుమించు రెండు మీటర్ల పొడవును, ఒక మీటరు వెడల్పును, అర మిల్లీమీటరు మందమును గల ఆ రేకును చట్రమునందు బిగియగట్టి వ్రేలాడదీసి, ఒకచోట పాటతో దానిని కంపింపజేసి, మరియొకచోట ఆ కంపనమును గ్రహించుచుండిరి. చట్రముతో కూడి ఆ యంత్రము సుమారు 270 కిలోల బరువు. ఉక్కు నగరవాసినై యుండి ఈ సంగతి చదివినపుడు నాకు కలిగిన ఆనందము ఇంతింత యనరానిది. మన కర్మాగారమున తయారగునవి కడ్డీలు, తీగెచుట్టలు, నిర్మాణపు దూలములే గాని పలుచని రేకులు కావు. అయినను ఉక్కు కేవలము బరువు మోయు లోహము కాదనియు, స్వరమును కొన్ని క్షణములు తనలో నిలుపుకొని మెల్లమెల్లగా విడువగల లోహమనియు తెలియుట ఉక్కునగరమున కాపురమున్నవానికి చిన్న విషయము కాదు.

ఆ రేకును పల్లకీవలె మోసికొని చవితి పందిరికి తెచ్చుట యెవరి తరము? వేదికలకు తగినవి స్ప్రింగు రివర్బులును, టేపుపై స్వరమును వ్రాసి కొంత యాలస్యముగా చదివించు ఎకో యంత్రములును. 1974లో వెలువడిన రోలాండు స్పేస్ ఎకో అట్టి టేపు యంత్రములలో ప్రసిద్ధమైనది. ఇంతలో, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ అను శాస్త్రజ్ఞుడు 1960ల ఆరంభముననే, గదియు రేకును అవసరము లేకుండ, స్వరమును సంఖ్యలుగా మార్చి ఆ సంఖ్యలను ఆలస్యపరచుచు, తగ్గించుచు, మరల మరల కలుపుచు పోయినచో ప్రతిధ్వని పుట్టునని నిరూపించి యుండెను. ఆ గణితము విక్రయయోగ్యమగు పెట్టెగా రూపొందుటకు పదునైదేండ్లు పట్టినది. 1976లో బ్యారీ బ్లెసర్ రూపకల్పన చేసిన ఈఎంటీ 250, 1978లో డేవిడ్ గ్రీసింగర్ రూపొందించిన లెక్సికాన్ 224 గొప్ప స్టూడియోలకే దక్కిన యంత్రములు. 1980ల నడుమ యమహావారి ఎస్పీఎక్స్-90యు, కీత్ బార్ రూపొందించిన అలెసిస్ మిడివర్బును వెలువడిన పిమ్మట గాని సామాన్య వాద్యకారునికి ఆ గణితము చేతికందలేదు.

శాంప్లింగు వాద్యము కథయును ఇట్టిదే. 1979లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున పీటర్ వోగెల్, కిమ్ రైరీ అను ఇరువురు యువకులు ఫెయిర్‌లైట్ అను కంప్యూటరు వాద్యమును నిర్మించిరి. ఏ ధ్వనినైనను మైకుతో పట్టి, సంఖ్యలుగా మార్చి, హార్మోనియపు మెట్లవంటి మెట్లపై పలికింపగల ఆ యంత్రము వెల ఒక ఇంటి వెలతో తులతూగునది. 1981లో అమెరికానుండి ఎమ్యులేటరు వచ్చినది. 1984లో ఎన్సోనిక్ సంస్థవారి మిరాజ్ రెండువేల డాలర్ల లోపు ధరకు అమ్మబడుటతో ఆ విద్య గొప్పవారి గడప దాటినది. కమోడోర్ 64 కంప్యూటరునకు స్వరమునిచ్చిన బాబ్ యానెసే మిరాజ్ లోపలి స్వరచిప్పును రూపొందించినవాడు. 1986లో అకాయ్ ఎస్-900, రోలాండు ఎస్-50 వచ్చినవి. ఈ లోపల కేసియోవారి ఎస్కే-1 అను ఆటబొమ్మవంటి వాద్యము, ఒకటిన్నర సెకను కూడ నిండని ధ్వనిని పట్టుకొని, ఇంటిలోని పిల్లల పేర్లను సప్తస్వరములలో పలికించి, ఎందరి యిండ్లలోనో సంబరము చేసినది.

ఇచట కొంచెము నిదానించి ఆ యంత్రముల లోపలికి చూడవలసి యున్నది. ఈ జత రహస్యమంతయు వాని లోపములందే యున్నది. మిరాజ్‌కు జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు; దానిని ఎడమ మెట్లకు సగము, కుడి మెట్లకు సగము పంచినచో ఒక్కొక్క వంతునకు 64. ధ్వనిని సెకనుకు ముప్పదివేల మార్లు కొలిచి వ్రాసినచో ఆ వంతు రెండు సెకనులకు కొంచెము పైగా నిండిపోవును. వేణువు ఊదుటలోని తొలి శ్వాసయు, కొంత నిలకడ స్వరమును పట్టునప్పటికే తావు చాలదు. స్వరము చివర మెల్లగా అణగిపోవు భాగమును కత్తిరించి పారవేయవలసినదే. మెట్టు నొక్కిపట్టినంతసేపు స్వరము నిలువవలెనన్నచో, నడిమి భాగమునొకదానిని చక్రమువలె త్రిప్పుచుండవలెను. ఆ చక్రము అతుకు సరిగా కుదరనిచో, తిరిగిన ప్రతిమారును టిక్కుమని చిన్న చప్పుడు వినబడును. కొలతకు ఎనిమిది బిట్లే గనుక ధ్వనిలోని హెచ్చుతగ్గులన్నియు 256 స్థాయిలలో ఇమడవలెను. అందుచే సన్నని స్వరముల వెనుక ఇసుక రాలినట్టి గరగర. ఇన్నిటికిని తోడు, మిరాజ్ వెనుకనుండి వెలువడునది ఒకే తీగె, కుడియెడమల భేదములేని ఏకధ్వని.

ఎస్పీఎక్స్-90 ఈ కొరతలన్నిటికిని కొలిచి చేయించినట్లుండును. దానికి లోపలికి దారి ఒకటి, వెలుపలికి రెండు; ఏకధ్వనిగా లోనికి పోయినది కుడియెడమలకు విచ్చుకొని వెలికివచ్చును. కత్తిరింపబడిన స్వరాంతమును దాని ‘హాల్’ అమరిక రెండుమూడు సెకనులు పొడిగించును; చక్రపు అతుకులోని చప్పుడు ఆ పొడిగింపులో మునిగిపోవును. అన్నిటికంటె చిత్రమేమనగా, ఆ పెట్టె పలికించు ప్రతిధ్వని పండ్రెండువేల హెర్ట్జుల పై స్వరములను దాదాపు విడిచివేయును. నేటి ప్రమాణములచే అది లోపమే. కాని శాంప్లరులోని గరగర అధికముగా ఆ పై భాగముననే యుండుటచే, ఎక్కువ నిశితమైన రివర్బు ఆ గరగరను గూడ పొడిగించి చుట్టును చల్లును. ఈ పాత పెట్టె దానిని విడిచి, స్వరపు దేహమును మాత్రమే ప్రతిధ్వనింపజేయును. పాత శాంప్లరుకు పాత రివర్బే నప్పుననుట పాతబడినవానిపై మమకారముచే పుట్టిన మాట కాదు; ఒకే దశాబ్దపు కొరతలు ఒకదానినొకటి పూరించుకొనుటయే దాని కారణము.

మద్రాసు స్టూడియోలలో తెలుగు పాట ఈ మార్పును పూర్తిగా అనుభవించినది. ఆ మార్పునకు మన ఉత్తరాంధ్రతో చుట్టరికమును గలదు: సాలూరు ప్రాంతపు శివరామపురమున పుట్టిన సాలూరి రాజేశ్వరరావు కుమారుడు కోటి, టి.వి. రాజు కుమారుడు రాజ్‌తో జతకూడి 1980లలో తెలుగు సినిమా పాటకు కొత్త వేగమును, కొత్త ధ్వనిని తెచ్చెను. వారి బృందమున కీబోర్డు వాయించిన దిలీప్ అను యువకుడే తరువాత ఏ.ఆర్. రహమాన్ అను పేర జగత్ప్రసిద్ధుడయ్యెను. మచిలీపట్టణమున పుట్టిన మణిశర్మయు సంగీతదర్శకుడు కాకమునుపు కీబోర్డు కళాకారుడే. 1992వ సంవత్సరము నాకు ఈ కథలో ముఖ్యమైనది. ఆ వత్సరమున కీరవాణి సంగీతముతో వచ్చిన ‘ఘరానా మొగుడు’లో కథానాయకుడు విశాఖ రేవులో పనిచేయువాడు, ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు విశాఖ ఉక్కు కర్మాగారమును జాతికి అంకితము చేసెను. అదే మాసమున ‘రోజా’ తమిళమున విడుదలయై, పిదప తెలుగునకు వచ్చెను. ‘రోజా’ పాటలను క్యాసెట్టుపై విన్న ఆర్కెస్ట్రావారు, పాటలోని స్వరములను పట్టుటకంటె ఆ స్వరముల చుట్టునున్న విశాలమగు ఆవరణమును పట్టుట కష్టమని అప్పుడు కనుగొనిరి. వరుస చెవికి దొరకినది. ఆవరణమునకు పెట్టె కావలసివచ్చెను.

ఆ పెట్టె కొనుట అంత సులభము కాదు. 1991నాటి సరళీకరణమునకు పూర్వము విదేశీ ఎలక్ట్రానిక్ వస్తువులపై సుంకము మిక్కిలి భారముగా నుండెను. వచ్చినవి చాలవరకు చేతులు మారినవే. జపానునందే అమ్ముటకు చేసిన పెట్టె నూరు వోల్టుల విద్యుత్తును కోరును; మన గోడలోనిది 230. కావున ప్రతి కీబోర్డు వెంబడి ఇటుకవలె బరువైన స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మరు ఒకటి ప్రయాణము చేయుచుండెను. దానిని మరచి, నేరుగా ప్లగ్గు పెట్టి, బృందమంతయు చందాలు వేసికొని కొన్న వాద్యమును ఒక్క క్షణమున పొగపాలు చేసికొన్నవారి దుఃఖము వర్ణింపనలవి కాదు.

మిరాజ్‌ను వేదికపై మేల్కొల్పుట యొక కర్మకాండ. విద్యుత్తునిచ్చినంతమాత్రమున అది పలుకదు. మూడున్నర అంగుళముల ఫ్లాపీని దాని నోట పెట్టవలెను. లోపలి యంత్రము కరకరమని తిరిగి, ముందుగా తనను తాను నడపుకొను విద్యను ఆ ఫ్లాపీనుండి నేర్చుకొని, తరువాత ధ్వనులను ఎక్కించుకొనును. ఎదుట కనబడునవి రెండే రెండు ఎర్రని అంకెలు. సంఖ్యలును అక్షరములును కలిసిన ఆ గుర్తులలో ఏది దేనికో కంఠస్థము చేసినవాడే దానికి వాద్యకారుడు. ఒక్క ఫ్లాపీపై ఎడమచేతికి మూడు, కుడిచేతికి మూడు ధ్వనులు. తరువాతి పాటకు షెహనాయి కావలెనన్నచో ఫ్లాపీ మార్చవలెను. ఆ మార్చునంతసేపు వ్యాఖ్యాత మైకు పట్టుకొని దాతల పేర్లు చదువుచుండును. పెద్ద మనుషుల సన్మానములకును ఫ్లాపీల మార్పునకును గల ఈ సంబంధము ఎదుట కూర్చున్నవారెవరికిని తెలియదు.

సముద్రపు గాలియు ఈ యంత్రములకు పరమశత్రువు. ఉప్పుతేమ సంధులను పచ్చబరచును. వానకాలమున ఫ్లాపీ లోపలి గోధుమరంగు పళ్ళెముపై బూజు పట్టును. ఆ బూజు పట్టిన ఫ్లాపీని పెట్టినచో యంత్రపు చదువుతలయును చెడును. పిమ్మట మంచి ఫ్లాపీలును దానికి చదువరావు. ఎస్పీఎక్స్-90లో వాడుకరి దాచుకొన్న అమరికలు చిన్న లిథియం బ్యాటరీ ఒకటి జీవించినంతకాలమే యుండును. అది ఉడిగిన నాడు ఏండ్ల తరబడి చెవితో సరిచూచి కుదుర్చుకొన్న ప్రతిధ్వనులన్నియు పోయి, కర్మాగారమువారు ఇచ్చిన ముప్పది మాత్రమే మిగులును. ఈ కారణముచే తెలివిగలవారు అమరికల అంకెలను పాటల పుస్తకపు అట్టలోపల పెన్సిలుతో వ్రాసికొనుచుండిరి: ఏ పాటకు ఎన్ని సెకనుల ప్రతిధ్వని, ఎంత ముందు ఆలస్యము, నూటికి ఎంత పాలు. అట్టి అట్టలు నేడు దొరకినచో, ఆ కాలపు ధ్వనిరుచికి అంతకంటె నమ్మదగిన సాక్ష్యము వేరొకటి యుండదు.

ఈ జత సాధింపలేనిదియును ఒకటి కలదు. దానిని దాచుట న్యాయము కాదు. వయొలిను విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు పెరిగిన ఊరు ఇది. ఆయన కమానునుండి వెలువడు స్వరము ఒక స్థానమునుండి మరియొక స్థానమునకు నడచిపోవును గాని గెంతిపోదు. గమకము అనగా ఆ నడకయే. శాంప్లరు పట్టునది ఒక్క స్వరమును, ఒక్క క్షణమున పలికినదానిని. అందు గమకమున్నచో ప్రతి మెట్టుపైనను అదే గమకము, పై మెట్టున వేగముగను, క్రింది మెట్టున మందముగను పలుకును. లేనిచో స్వరములు విడివిడిగా నిలుచును. రివర్బు ఒక స్వరపు తోకను మరియొక స్వరపు తలపై కప్పి, వాని నడుమ సంబంధమున్నట్లు భ్రమింపజేయును. భావగీతపు మెల్లని నడకకు ఆ భ్రమ చాలును, రాగమునకు చాలదు. ఉత్తరాంధ్ర జముకునకు అసలే చాలదు. తీగెను బిగించుచు సడలించుచు ఒక్క దెబ్బలో శ్రుతిని జారవిడుచు ఆ వాద్యము ప్రాణము ఆ జారుటయందే యున్నది. విదేశములనుండి వచ్చిన ఫ్లాపీలపై గాయకబృందముల ఆకారములు, వయొలిను సమూహములు ఉండెను గాని జముకులు లేవు, తప్పెటగుళ్ళు లేవు. అయినను శాంప్లరు వెనుక మైకు పెట్టు రంధ్రమున్నది. ఆ రంధ్రమే దానిని తక్కిన కీబోర్డులనుండి వేరుచేయునది. ఇచటివారి చేతికి అది అందించిన స్వాతంత్ర్యమును అల్పముగా తలంపరాదు.

రెండు పెట్టెలు ఒకటగుటయు త్వరలోనే జరిగినది. 1987లో రోలాండు డీ-50 తన లోపలనే డిజిటల్ రివర్బును ఇముడ్చుకొని వచ్చినది. 1988లో కోర్గు ఎం-1 శాంపిలు చేసిన ధ్వనులను, ప్రతిధ్వనులను, వరుసలు వ్రాసికొను సాధనమును ఒక్క వాద్యమున చేర్చినది. 1995 తరువాత రోలాండు ఎక్స్పీ శ్రేణి వాద్యములు దక్షిణదేశపు ఆర్కెస్ట్రాలలో సర్వసాధారణమైనవి. ఫ్లాపీలు మార్చు బాధ తొలగినది, ట్రాన్స్‌ఫార్మరు బరువు తగ్గినది. నిజమే, వాద్యకారునికి ఇది మేలు. కాని ధ్వనిని ఒకచోట ఎన్నుకొని, దాని ఆవరణమును వేరొకచోట ఎన్నుకొను ఆ రెండు చేతుల పనియును అంతటితో ముగిసినది. కర్మాగారమువారు పియానోకు తగినదని తలచిన ప్రతిధ్వని పియానోతోనే వచ్చి, ఎల్ల బృందములును ఒకే మండపమున వాయించుచున్నట్లు వినబడసాగినవి.

పాత పెట్టెలు కొన్ని ఇంకను ఈ నగరపు అటకలపై నున్నవి. ఫ్లాపీ యంత్రమునకు బదులుగా యూఎస్బీ అమరికను బిగించి మిరాజ్‌లను మరల పలికించువారు ప్రపంచమున పలుచోట్ల కలరు. ఎస్పీఎక్స్-90 లోపలి బ్యాటరీ మార్పు ఏ రేడియో మెకానిక్కైనను చేయదగిన పని. ఫ్లాపీల విషయమే తొందరపెట్టుచున్నది. మిరాజ్ వ్రాత సామాన్య కంప్యూటరు నేరుగా చదువగలది కాదు. అయస్కాంతపు పూతయు కాలక్రమమున రాలును. ఆర్కెస్ట్రాలవారు ఇచటి గొంతులను, ఇచటి డోళ్ళను, ఇచటి సన్నాయిలను పట్టి దాచిన ఫ్లాపీలు ఎవరి బీరువాలనైనను మిగిలియున్నచో, వానికి నకలు తీసి, ఏ ధ్వని ఎవరిదో, ఎచట పట్టినదో, ఏ పాటకు వాడినదో ఆ వాయించినవారిచేతనే చెప్పించి వ్రాసి యుంచు పనిని ఆంధ్ర విశ్వవిద్యాలయపు సంగీతశాఖ పూనుకొనవలెను. వాయించినవారు నేడు ఉద్యోగవిరమణ చేసి ఈ యూరనే యున్నారు. అడిగినచో చెప్పుటకు సిద్ధముగా నున్నారు.